సంఘం పుస్తకం ఎవరు రాస్తారు?

అరకు అనగానే ఏం గుర్తొస్తుంది? సొరంగాల్లోంచి సాగిపోయే రైలు, బొర్రా గుహలు, నవంబరు వస్తే కొండవాలు నిండా విరగబూసే వలిసెపూలు, వెదురుబొంగులో కాల్చిన కోడి, చలిమంట పక్కన థింసా నాట్యం... విశాఖలో పొద్దున్నే బండెక్కి, రాత్రికి కాఫీపొడి ప్యాకెట్టుతో ఇల్లు చేరేవాళ్లకు అరకు అంటే ఇంతే.

చివరి బస్సు వెళ్లిపోయాక ఆ కొండల్లో ఇంకో పని మొదలవుతుంది. పొలం నుంచి వచ్చి, పొయ్యి ఆర్పి, పిల్లలకు ఇంత పెట్టి, ఊరి ఆడవాళ్లు పదిమంది ఒకచోట చేరతారు. ఎవరింటి అరుగు మీదో, అంగన్‌వాడీ గదిలోనో గుండ్రంగా కూర్చుంటారు. మధ్యలో చిన్న రేకుపెట్టె, దాని పక్కన అట్టలు నలిగిన ఒక పెద్ద పుస్తకం. ఈ నెల పొదుపు ఎంత, ఎవరు కట్టారు, ఎవరు కట్టలేదు, అప్పు ఎవరికివ్వాలి, పాతబాకీ ఎంతవరకొచ్చింది... అన్నీ అక్కడే తేలాలి.

దాన్ని సంఘం అంటారు. ఆ ఊరి ఆడవాళ్లకు అదే క్లబ్బు, అదే బ్యాంకు, అదే రచ్చబండ.

అయితే ఆ పుస్తకం మీద వంగి లెక్కలు రాసే మనిషి మాత్రం చాలా ఊళ్లలో, చాలా ఏళ్లపాటు, సంఘం సభ్యురాలు కాదు. బడి మధ్యలో మానేసిన కుర్రాడో, అంగన్‌వాడీ కార్యకర్తో, ఆశ్రమ పాఠశాల నుంచి సెలవులకు ఇంటికొచ్చిన కూతురో ఆ పని చేసేవారు. డబ్బు తల్లులది, కష్టం తల్లులది, అక్షరం మాత్రం పిల్లది! ఆ పిల్ల పై చదువుకు కొండ దిగి వెళ్లిపోతే పుస్తకం ఎవరు రాయాలి? చిన్న ప్రశ్నలాగే కనిపిస్తుంది. కానీ ఆడవాళ్లు నలుగురు కలిసి ఏదైనా మొదలుపెట్టిన ప్రతిచోటా, ఏదో ఒక రూపంలో, ఈ ప్రశ్న ఎదురైంది. అరకు ఘాట్‌రోడ్డు దిగి, విశాఖ తీరానికి వెళ్లి, ఓ తొంభై ఏళ్లు వెనక్కి చూస్తే సంగతి తెలుస్తుంది.

వాల్తేరులో ఒక ప్రకటన

ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో బెజవాడలో మొదలై, 1930లో వాల్తేరు చేరింది. 1930ల్లో ఆ గుమ్మం ముందుకు ఒక యువతి వచ్చి నిలబడింది. పేరు దుర్గాబాయి. రాజమండ్రిలో 1909లో పుట్టింది. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు, ఊహ తెలిశాక ఆ పెళ్లిని కాదనుకుంది. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లింది, మదురై జైల్లో ఒంటరి కొట్టులో గడిపింది. బయటికొచ్చాక పట్టుబట్టి చదివి బెనారస్ మెట్రిక్యులేషన్ పాసైంది. ఇక బి.ఎ. చదవాలి, అదీ రాజనీతిశాస్త్రం!

అప్పటి వైస్‌చాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి. 'ముసలమ్మ మరణము' రాసిన కవి, పెద్ద విద్యావేత్త. ఆయనకు ఆడపిల్లల చదువంటే వ్యతిరేకత లేదు. చిక్కల్లా ఒక్కటే. ఆడపిల్లలు ఉండటానికి అక్కడ హాస్టలు లేదు.

హాస్టలు లేదు కనుక ఆడపిల్లలు రారు. ఆడపిల్లలు రారు కనుక హాస్టలు అక్కర్లేదు. ఈ గానుగెద్దు లెక్కను దుర్గాబాయి ఎలా తెంపిందో తెలుసా? పత్రికలో ప్రకటన ఇచ్చింది. చదవాలని ఉండి, వసతి లేక ఆగిపోయిన ఆడపిల్లలు ఎవరైనా ఉంటే తనకు తెలియజేయమంది. ఉత్తరాలొచ్చాయి. అలా వచ్చినవారంతా కలిసి తామే ఒక హాస్టలు పెట్టుకున్నారు. ఆ తర్వాత సీటు రాకేం చేస్తుంది!

గమనించాల్సింది ఒకటుంది. అది ఎవరో ఎవరికో చేసిన ఉపకారం కాదు. అవసరం ఉన్నవాళ్లే ఒకరినొకరు వెతుక్కుని, తలా కొంత వేసుకుని, తమకు కావలసిన చోటు తామే సంపాదించుకున్నారు. తెలుగునాట విశ్వవిద్యాలయ స్త్రీల తొలి సంఘాల్లో ఒకటిగా ఆ హాస్టలును లెక్కపెట్టుకోవచ్చు. బోర్డు లేదు, అధ్యక్షురాలు లేదు, వార్షికోత్సవం లేదు. ఒక వంటిల్లు, కొన్ని గదులు. అంతే.

లండన్‌లోనూ గదికోసమే!

ఇది మన దగ్గరి ముచ్చటే అనుకోనక్కర్లేదు. చదువుకున్న స్త్రీలకు 'చోటు' అనేది అన్ని దేశాల్లోనూ పెద్ద సమస్యే అయింది. మగవాళ్లకు వీధికో క్లబ్బు ఉన్న లండన్‌లో, కాలేజీల్లో చదివిన స్త్రీలు తమకంటూ ఒక క్లబ్బు పెట్టుకోవడానికి 1880ల దాకా ఆగాల్సి వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక, 1919లో, విశ్వవిద్యాలయ స్త్రీల అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడింది. బ్రిటన్ నుంచి కెరొలైన్ స్పర్జన్, రోజ్ సిడ్జ్‌విక్, అమెరికా నుంచి వర్జీనియా గిల్డర్‌స్లీవ్ కలిసి వేసిన పథకమది. వేర్వేరు దేశాల చదువుకున్న ఆడవాళ్లు ఒకరికొకరు తెలిస్తే, మళ్లీ యుద్ధం రాకుండా ఎంతో కొంత ఆపగలరని వాళ్ల ఆశ.

ఆశ పెద్దది. పని మాత్రం చాలా మామూలుది. పరిశోధన చేసే స్త్రీలకు ఉపకార వేతనాలు, పరాయి ఊళ్లో దిగడానికి వసతి. లండన్‌లో క్రాస్‌బీ హాల్ అనే పాత భవనాన్ని బాగుచేసి 1927లో అలాంటి వసతిగృహం తెరిచారు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం అప్పటికింకా ఆడవాళ్లకు పూర్తి పట్టా ఇవ్వడం లేదు. పరీక్షలు రాయనిచ్చేది, పాసైతే పేరు చెప్పేది, పట్టా దగ్గర ఆగేది. 1948లో గానీ ఆ ముచ్చట తీరలేదు!

చదువుకున్నామె రెండో పని

వాల్తేరులో పట్టా పుచ్చుకున్నాక దుర్గాబాయి మద్రాసులో లా చదివింది, ప్లీడరైంది, రాజ్యాంగసభ సభ్యురాలైంది. అవన్నీ ఒక ఎత్తు. ఆమె స్థాపించిన ఆంధ్ర మహిళాసభ ఒక ఎత్తు. 1937లో మద్రాసులో మొదలైన ఆ సంస్థ తొలి పనుల్లో ఒకటి ఏమిటంటే, చదువు మధ్యలో ఆగిపోయిన స్త్రీలకు బెనారస్ మెట్రిక్ పరీక్షకు పాఠాలు చెప్పడం. ఏ నిచ్చెన పట్టుకుని తాను ఎక్కిందో, అదే నిచ్చెనను కింద ఉన్నవాళ్లకు అందించింది.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడితే దానికి మొదటి అధ్యక్షురాలు ఆమే. ఊరూరా మహిళా మండళ్లకు, స్వచ్ఛంద సంస్థలకు గ్రాంటులివ్వడం ఆ బోర్డు పని. బాలవాడి, కుట్టుమిషను, సాయంత్రం చదువు... ఆనాటి మహిళా మండలి అంటే ఇవే. బడి వయసు దాటిన స్త్రీలు తక్కువ కాలంలో పరీక్ష పాసయ్యేలా సంక్షిప్త విద్యాకోర్సులు 1958లో మొదలయ్యాయి. అదే ఏడు స్త్రీవిద్య మీద వేసిన జాతీయ సంఘానికీ ఆమే అధ్యక్షత వహించారు.

పల్లంలో మహిళా మండలి చేసిన పెద్ద పని, ఆడవాళ్లను ఇంట్లోంచి బయటికి తీసుకురావడం. అత్తగారికి చెప్పి, పిల్లాణ్ని చంకనేసుకుని, ఒక గంట మండలికి వెళ్లొచ్చిన కోడలికి అదే పెద్ద స్వేచ్ఛ.

ఈ కొలత కొండ మీదికి వచ్చేసరికి సరిపోలేదు.

గడప దాటడం కాదు సమస్య

అరకు లోయ, అనంతగిరి, హుకుంపేట, డుంబ్రిగుడ, పాడేరు... ఈ కొండల్లో ఆడది గడప దాటడానికి ఎవరి అనుమతీ అడగదు. పొద్దున్నే గెడ్డ నుంచి నీళ్లు తెచ్చేది ఆమె. పోడులో సామలు, చోళ్లు విత్తేది ఆమె. కంపలేరి కట్టెలు మోసేది ఆమె. అడ్డాకులు, కొండచీపుళ్లు, చింతపండు, పిప్పళ్లు, పసుపు, రాజ్‌మా... కావిడో తలమోపో కట్టుకుని మైళ్లకొద్దీ నడిచి వారపు సంతకు చేరి అమ్మేదాంట్లోనూ ఆమె చెయ్యే ఎక్కువ. నచ్చినవాణ్ని చేసుకోవడం, నచ్చకపోతే విడిపోయి మళ్లీ మనువాడటం కూడా ఇక్కడి తెగల్లో తప్పు కాదు.

మరి ఆమెకు లేనిదేమిటి? లెక్క.

సంతలో తక్కెడ షావుకారుది. ఇచ్చిన అప్పు ఎంతో, తీరింది ఎంతో రాసుకున్న చీటీ షావుకారుది. ఉప్పుకూ, బట్టకూ, పెళ్లి ఖర్చుకూ ముందే డబ్బు తీసుకుని, పండిన పంట అతను చెప్పిన ధరకే అప్పగించడం కొండమీద పాతకథ. కొన్ని ఊళ్లలో చింతచెట్టును, పనసచెట్టును కాపుతో సహా తాకట్టు పెట్టుకునేవారు. చెట్టు పెరట్లోనే ఉంటుంది, కాయ మాత్రం మనది కాదు! ఈ దోపిడీని ఆపడానికే ప్రభుత్వం 1956లో గిరిజన సహకార సంస్థను పెట్టింది. అటవీ ఫలసాయం కొంటుంది, నిత్యావసర సరుకులు అమ్ముతుంది. దానివల్ల మేలు జరిగింది. కానీ తక్కెడ ఎవరిదైనా ముల్లు చదవడం రావాలి కదా!

1960ల్లో కొత్తవలస-కిరండూల్ రైలుమార్గం వచ్చింది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి కొండల్ని తొలిచి వేసిన మార్గమది. శిమిలిగుడ స్టేషను చాలాకాలం దేశంలోకెల్లా ఎత్తైన బ్రాడ్‌గేజ్ స్టేషనుగా పేరు తెచ్చుకుంది. రైలైతే ఊరి పక్కనుంచే పోయింది. అక్షరం అంత వేగంగా రాలేదు. 1961 జనాభా లెక్కల్లో దేశం మొత్తమ్మీద గిరిజన మహిళల్లో చదవడం, రాయడం వచ్చినవారు నూటికి ముగ్గురు!

రూపాయి నుంచి సంఘం దాకా

సంఘం కొండెక్కిన దారి కూడా ఒక పాఠం నుంచే మొదలైంది. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత ఉద్యమం కింద రాత్రిబడి నడిచింది. అక్కడి వాచకంలో సారాపై తిరగబడిన ఆడవాళ్ల కథ ఉంది. చదివిన స్త్రీలు దాన్ని పాఠంగా వదిలేయలేదు. తమ ఊరి సారా దుకాణం మీదికి వెళ్లారు. 1992 నాటికి అది రాష్ట్రమంతా పాకింది. 1993లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. నిషేధం 1997లో సడలిపోయింది. కానీ సారాకు పోయే రూపాయిని దాచుకోవడం నేర్చిన ఆడవాళ్లు ఆ అలవాటు మానలేదు. రోజుకో రూపాయి, నెలకు ముప్ఫై. పొదుపు సంఘాలు అలా ఊరూరా పుట్టాయి. 1982లోనే మొదలైన డ్వాక్రా పథకం అప్పటికే ఉంది. 1992లో నాబార్డు బ్యాంకులను సంఘాలతో కలిపే ప్రయత్నం మొదలుపెట్టింది. 2000 తర్వాత వెలుగు, ఇందిరా క్రాంతి పథం పేర్లతో గ్రామైక్య సంఘం, మండల సమాఖ్య అంటూ మెట్లు కట్టారు.

కొండ మీద సంఘానికి కొన్ని సొంత ఇబ్బందులున్నాయి. ఊరంటే ఇరవై గడపలే కావచ్చు. పదిమంది దొరకడమే కష్టం. అందుకే గిరిజన ప్రాంతాల్లో ఐదుగురితోనూ సంఘం పెట్టుకోవచ్చని వెసులుబాటు ఇచ్చారు. బ్యాంకు ఎక్కడో మండల కేంద్రంలో. వెళ్లి రావడానికి ఒక కూలి పోతుంది. వానాకాలం గెడ్డ పొంగితే ఆ నెల బ్యాంకు లేదు. బ్యాంకులో మాట్లాడేది తెలుగు. ఇంట్లో మాట్లాడేది కువి కావచ్చు, ఆదివాసీ ఒడియా కావచ్చు, కొండ భాష కావచ్చు.

అయినా సంఘం నిలబడింది. ఎందుకంటే అది ఇచ్చే అప్పుకు చెట్టు తాకట్టు అక్కర్లేదు. విత్తనాలకు అయిదొందలు, జ్వరమొస్తే వెయ్యి. డోలీ కట్టి నిండుచూలాలిని రోడ్డుదాకా మోసుకొచ్చాక ఆటోకీ, ఆస్పత్రిలో తోడున్నవారి తిండికీ కావలసిన డబ్బు అప్పటికప్పుడు ఎవరిస్తారు? పెట్టె తాళం తీసి సంఘమే ఇస్తుంది. ఏజెన్సీ దారుల్లో 2018 నుంచి బైకు అంబులెన్సులు తిరుగుతున్నా, బండి రాని మెట్టలు ఇంకా మిగిలే ఉన్నాయి. అలాంటిచోట పది మంది ఆడవాళ్లు ఒక్క మాట మీద ఉండటమే మొదటి వైద్యం.

సంఘం వల్ల వచ్చిన ఇంకో మార్పు పైకి కనపడదు. కాఫీ సంగతే చూడండి. ఎర్రగా పండిన కాయను మాత్రమే ఏరి కోసేది ఎక్కువగా ఆడవాళ్లే. అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ప్యారిస్‌లో 2017లో అరకు పేరుతో కాఫీ దుకాణమే వెలిసింది. ఆ పేరుప్రతిష్ఠల్లో కోసిన చేతుల వాటా ఎంత? పంట డబ్బు ఇంట్లో ఎవరి చేతికొచ్చినా, సంఘంలో కట్టాల్సిన వాయిదా ఉందంటే అందులో కొంత ఆమె చేతికి రాక తప్పదు. 'సంఘానికి కట్టాలి' అన్న రెండు ముక్కలు ఎన్ని ఇళ్లలో సారా సీసాకు అడ్డం పడ్డాయో ఎవరూ లెక్క రాయలేదు.

'ఇంకోపాలి సదువే గుంటా!'

ఇక పుస్తకం సంగతి. సంఘానికి అయిదు సూత్రాలున్నాయి. క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో తిరిగి కట్టడం, పుస్తకాలు సరిగా రాయడం. మొదటి నాలుగూ కొండ ఆడవాళ్లు ఎవరికీ తీసిపోకుండా చేశారు. ఐదోది మాత్రం ఇంకొకరి చేతిలో ఉండిపోయింది.

2011 జనాభా లెక్కల నాటికి కూడా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గిరిజన మహిళల అక్షరాస్యత సుమారు 40 శాతమే. అందులోనూ చదువొచ్చింది చిన్నవాళ్లకు. సంఘంలో కూర్చునే వయసువాళ్లలో చాలామంది వేలిముద్రలే. అలాగని లెక్క తెలియనివాళ్లు కారు. ఎవరు ఎంత కట్టారో, ఏ నెల ఎవరు ఎగ్గొట్టారో నోటిలెక్కలో తప్పు పోదు. రాసిందాన్ని చదివించుకుని, నోటిలెక్కతో సరిచూసుకునేవారు. 'ఇంకోపాలి సదువే గుంటా' అంటే ఆ పిల్ల మళ్లీ మొదట్నుంచి చదవాల్సిందే!

ఆ చదివే పిల్లకు ఏం దక్కిందో చూడండి. అమ్మ సంపాదన ఎంతో, అప్పు ఎంతో ఆ వయసులోనే తెలిసింది. తాను రాసిన అంకెకు పదిమంది పెద్దవాళ్లు విలువ ఇస్తారని తెలిసింది. బడిలో నేర్చిన కూడికలు, తీసివేతలు ఎందుకు పనికొస్తాయో ఏ టీచరూ చెప్పనంత బాగా తెలిసింది. తల్లులకూ ఒకటి తెలిసింది. ఈ పిల్ల చదువు ఆపితే నష్టం ఆ ఇంటికే కాదు, సంఘానికి కూడా! కూతురి ట్రంకుపెట్టెకు, పరీక్ష ఫీజుకు సంఘంలో అప్పు తీసుకునే అలవాటు మెల్లగా పెరిగింది.

ఆశ్రమ పాఠశాలలు, గురుకులాలు ఎలాగూ ఉన్నాయి. 2004లో కస్తూర్బా బాలికా విద్యాలయాల పథకం వచ్చింది. అదే సంవత్సరం నుంచి కొన్ని గిరిజన బడుల్లో కువి, ఆదివాసీ ఒడియా, కొండ వంటి భాషల్లో తెలుగు లిపితో వాచకాలు పెట్టి చదువు చెప్పే ప్రయత్నం మొదలైంది. ఇంటి భాషలోంచి తెలుగులోకి, తెలుగులోంచి ఇంగ్లిషులోకి... పల్లం పిల్ల ఒక మెట్టు ఎక్కితే, కొండపిల్ల రెండు మెట్లు ఎక్కాలి.

ఘాట్ దిగిన ఆడపిల్ల

అలా మెట్లెక్కినవాళ్లు ఇవాళ కొండ దిగి డిగ్రీకి, పీజీకి వస్తున్నారు. అరకులోయలో, పాడేరులో డిగ్రీ కాలేజీలున్నాయి. 2022లో పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. 2024లో అక్కడ ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. విజయనగరంలో 2019లో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం ప్రారంభమైంది. దానికి మొదట్లో చేయిపట్టి నడిపించే బాధ్యత ఎవరికిచ్చారో తెలుసా? ఆంధ్ర విశ్వవిద్యాలయానికే! దుర్గాబాయిని హాస్టలు లేదని గుమ్మంలో ఆపిన ఆ చదువులమ్మకే, కొండపిల్లలకు చోటు చూపించే పని దక్కింది.

2008 పునర్విభజనలో ఏర్పడిన అరకు లోక్‌సభ స్థానం నుంచి 2014లో కొత్తపల్లి గీత, 2019లో గొడ్డేటి మాధవి, 2024లో గుమ్మ తనుజారాణి గెలిచారు. వరసగా మూడుసార్లూ మహిళలే. మాధవి అంతకుముందు టీచరు, తనుజారాణి డాక్టరు. పక్కనే ఉన్న ఒడిశా నుంచి వచ్చిన సంతాలీ మహిళ ద్రౌపదీ ముర్ము 2022లో రాష్ట్రపతి అయ్యారు. తన ఊళ్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి ఆడపిల్లను తానేనని ఆమె ప్రమాణస్వీకారం రోజునే గుర్తుచేసుకున్నారు.

'మొదటి ఆడపిల్ల' అన్న మాట వినడానికి గొప్పగా ఉంటుంది. మోయడానికి మాత్రం చాలా బరువు. నగరంలో హాస్టలు దొరకాలి. దొరికినా యాస విని నవ్వేవాళ్లను ఓర్చుకోవాలి. చలికొండ నుంచి వచ్చి ఉక్కపోతకు అలవాటు పడాలి. రక్తహీనతో, సికిల్‌సెల్ జబ్బో ఉంటే హాజరు పోతుంది. ఉపకార వేతనం ఆలస్యమైతే మెస్ బాకీ పెరుగుతుంది. ఫోను చేద్దామంటే ఊళ్లో సిగ్నలుండదు. ఇవన్నీ తట్టుకోలేక ఆమె మధ్యలో తిరిగొచ్చేస్తే, పోయేది ఒక్క డిగ్రీ కాదు. 'ఆ పిల్లే ఉండలేకపోయింది, మనపిల్లను ఎందుకు పంపడం' అని ఇంకో నాలుగిళ్లలో ట్రంకుపెట్టెలు అటకెక్కుతాయి.

చదువు పూర్తిచేసి తిరిగొస్తే ఆమెకు ఊళ్లో పని ఉందా? ఒకప్పుడు దీనికి సమాధానం ఉండేది. 2000 సంవత్సరం జనవరిలో వచ్చిన జీవో నంబరు 3 ప్రకారం షెడ్యూల్డు ప్రాంతాల్లోని టీచరు ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే. పిల్లల ఇంటి భాష తెలిసిన టీచరమ్మ బడికి రావాలంటే ఇంతకన్నా దగ్గరి దారి లేదు. నూరుశాతం రిజర్వేషన్ చెల్లదంటూ సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో దాన్ని కొట్టేసింది. అప్పటికే చేరినవారి ఉద్యోగాలకు ఢోకా లేకుండా చూసింది గానీ, తర్వాతి వరస అమ్మాయిలకు ఆ దారి మూసుకుపోయింది. దాన్ని ఏదో రూపంలో తిరిగి తెరవాలని గిరిజన సంఘాలు అడుగుతూనే వచ్చాయి. కోర్టు తీర్పులో న్యాయసూత్రం ఉంది. ఆశ్రమ పాఠశాల వరండాలో బి.ఇడి. పట్టా పట్టుకుని నిల్చున్న అమ్మాయి దగ్గర ప్రశ్న ఉంది.

మళ్లీ వేలిముద్రే!

సంఘాలన్నీ బంగారమని కూడా అనుకోకూడదు. అప్పు వచ్చే రోజున నిండుగా ఉండి, తర్వాత నెల ఖాళీగా ఉండే సమావేశాలున్నాయి. సంఘాన్ని ఊరి పనులకు కాక, నాయకుల సభలకు జనాన్ని తోలే బండిగా వాడుకున్న సందర్భాలున్నాయి. లీడర్లుగా ఏళ్ల తరబడి ఆ ఇద్దరే ఉండిపోయి, మిగతావాళ్లు తలాడించే చోట్లూ ఉన్నాయి.

ఇప్పుడు ఇంకో కొత్త చిక్కు. పుస్తకం పోయి లెక్కలు ఫోన్లోకి, ట్యాబ్‌లోకి చేరుతున్నాయి. మంచిదే. అంకెలు దిద్దే వీలు తగ్గుతుంది. కానీ ఆ తెర చదవడం మళ్లీ ఇంకొకరి పని అయిపోతోంది. వేలిముద్ర నుంచి సంతకం దాకా రావడానికి ఈ ఆడవాళ్లకు ఒక తరం పట్టింది. సంతకం వచ్చిందని సంబరపడేలోగా, యంత్రం ముందు వేలు పెట్టమంటున్నారు!

ఇక్కడే పల్లంలో చదువుకున్న స్త్రీల సంఘాలకు ఒక పని ఉంది. చలికాలం రాగానే నగరాల నుంచి కార్లలో దుప్పట్లు వస్తాయి. వైద్య శిబిరాలు పెడతారు. ఫొటో దిగి, సాయంత్రానికి ఘాట్ దిగిపోతారు. దుప్పటి వద్దనేవారు లేరు, చలి నిజమే కదా. కానీ దుప్పటి ఒక శీతాకాలానికి. అదే చేయి నగరంలో చదివే ఒక కొండపిల్లకు స్థానిక సంరక్షకురాలిగా ఒక సంతకం పెడితే మూడేళ్లకు. ఆదివారం ఇంటికి పిలిచి ఇంత అన్నం పెట్టడం, ఉపకార వేతనం ఆగినప్పుడు ఆఫీసుకు తోడెళ్లి అడగడం, ఇంగ్లిషులో తడబడే పేపరు ఒకటి దగ్గర కూర్చుని చెప్పడం... వీటికి పెద్ద నిధులు అక్కర్లేదు. వాల్తేరులో అమ్మాయిలు కలిసి హాస్టలు పెట్టుకున్నప్పుడు వాళ్ల దగ్గరా లేవు.

ఇంకోటి. కొండమీద ఏం కావాలో కొండవాళ్లనే అడగాలి. దుర్గాబాయి ప్రకటనలో ఉన్న గొప్పతనం అదే. 'మీకు మేం ఇది ఇస్తాం' అని అందులో లేదు. 'మీలో ఎవరికి అవసరం, చెప్పండి' అని ఉంది. సంఘం పెట్టుకున్న తల్లికి తనకేం కావాలో చాలా స్పష్టంగా తెలుసు. ఇన్నేళ్లుగా ఆమె నెలనెలా చేస్తున్నది ఎవరికి అవసరం ముందో తేల్చడమే కదా!

జూన్ వస్తే అరకు స్టేషనులో, పాడేరు బస్టాండులో ట్రంకుపెట్టెలు కనిపిస్తాయి. పక్కన చేతిలో చీటీ పట్టుకుని తల్లి నిలబడి ఉంటుంది. ఆ చీటీలో కాలేజీ పేరుంటుంది. ఆమె ప్రతివారినీ అడిగేది ఒక్కటే. అక్కడ మా పిల్లకు ఉండటానికి చోటు దొరుకుతుందా అని.

దానికి నిజాయితీగా దొరుకుతుందని చెప్పగలిగితే చాలు. పుస్తకం సంగతి ఆమె చూసుకుంటుంది. కూడికలు ఇప్పటికే వచ్చు. గుణకారాలు, వచ్చే సెలవులకు పిల్ల ఇంటికొచ్చాక నేర్చుకుంటుంది.